చెయ్యి చాపితేనే ఆగే రైలు: కార్న్‌వాల్‌లో ఒక పల్లెటూరి స్టేషన్ కథ

హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టేసుకోండి. ఈరోజు ఎపిసోడ్ కాస్త నిదానంగా సాగుతుంది, ఎందుకంటే మనం ఎక్కబోయే రైలు కూడా నిదానమే. మొత్తం లైన్ పొడవు 14 కిలోమీటర్లు. దానికి అరగంట పడుతుంది. మధ్యలో డ్రైవర్ తన సీట్లోంచి లేచి, రైలంతా నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, అటు వైపు నుంచి నడపడం మొదలుపెడతాడు. ఎందుకో చెప్తా, ఆగండి.

ముందు స్టేషన్ సంగతి. ఇంగ్లండ్ మ్యాప్ ఓపెన్ చేస్తే కింద ఎడమ మూలన, సముద్రంలోకి కాలు చాపినట్టు ఒక ముక్క కనిపిస్తుంది. అదే కార్న్‌వాల్. అందులో లిస్కర్డ్ అనే చిన్న పట్నం నుంచి లూ అనే సముద్రపు ఒడ్డు ఊరికి ఒక బ్రాంచ్ లైన్ ఉంది. దాని మధ్యలో సెయింట్ కెయిన్ అనే పల్లె స్టేషన్. పూర్తి పేరు సెయింట్ కెయిన్ విషింగ్ వెల్ హాల్ట్. పేరు చూస్తే పెద్ద జంక్షన్ అనుకుంటాం. వెళ్లి చూస్తే ఒకటే ప్లాట్‌ఫామ్, ఒక చిన్న షెడ్డు, ఒక బోర్డు. స్టేషన్ మాస్టర్ లేడు, టికెట్ కౌంటర్ లేదు. చుట్టూ చెట్లు, పక్కనే ఒక చిన్న ఏరు, పిట్టల అరుపులు. అంతే.

ఇక్కడ రైలు ఊరికే ఆగదు. మన పల్లెవెలుగు బస్సు మీద "చెయ్యి ఎత్తిన చోట బస్సు ఆపబడును" అని రాసి ఉండేది గుర్తుందా? ఇక్కడ రైలుది కూడా అదే పద్ధతి. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, రైలు కనపడగానే డ్రైవర్‌కి కనిపించేలా చెయ్యి చాపాలి. దిగాలంటే ముందే గార్డ్‌కి చెప్పాలి. ఎవరూ చెయ్యి చాపకపోతే, ఎవరూ దిగకపోతే రైలు అలా వెళ్లిపోతుంది. వీటిని రిక్వెస్ట్ స్టాప్స్ అంటారు. ఈ లైన్‌లో ఇలాంటివి నాలుగు: కూంబ్ జంక్షన్, సెయింట్ కెయిన్, కాజ్‌లాండ్, శాండ్‌ప్లేస్. టైమ్‌టేబుల్‌లో వాటి పక్కన చిన్న గుర్తు ఉంటుంది. అది చూడకుండా ఫోన్‌లో మునిగిపోతే అంతే సంగతులు.

ఇప్పుడు ఆ "వెల్" కథ. ఊరికి కాస్త దూరంలో ఒక పాత బావి ఉంది. బావి అంటే మన చేలో ఉండే దిగుడు బావి కాదు, రాళ్లతో కట్టిన చిన్న ఊట. కెయిన్ అనే పూర్వకాలపు సాధ్వి దాన్ని దీవించిందట. ఏమనీ? కొత్తగా పెళ్లయిన జంటలో ఎవరు ముందు ఆ నీళ్లు తాగితే ఇంట్లో వాళ్ల మాటే చెల్లుతుంది అని. మన పెళ్లిళ్లలో బిందెలో ఉంగరం వేసి ఎవరు ముందు తీస్తారో చూస్తాం కదా, చుట్టూ అక్కలు, బావలు కేకలు పెడుతూ... సరిగ్గా అదే ఆట. కాకపోతే ఇక్కడ బిందె బదులు బావి.

రాబర్ట్ సౌథీ అనే ఇంగ్లిష్ కవి 1798లో దీని మీద ఒక సరదా పద్యం రాశాడు. కథ ఏంటంటే, దారిన పోయే ఒకాయన ఆ నీళ్లు తాగుతుంటే ఊరి మనిషి ఒకతను ఈ మహిమ చెప్తాడు. "మరి నువ్వు తాగావా?" అని బాటసారి అడుగుతాడు. ఊరాయన సిగ్గుపడుతూ, పెళ్లి అవ్వగానే భార్యని చర్చి గుమ్మం దగ్గర వదిలేసి బావికి పరిగెత్తానని చెప్తాడు. అయినా లాభం లేకపోయింది. ఎందుకంటే ఆవిడ ఆ నీళ్లు సీసాలో పట్టుకుని ముందే చర్చికి తెచ్చుకుంది! ఇందులో ఎక్కడా "కోరికలు తీర్చే బావి" లేదు, గమనించండి. స్టేషన్ పేరులో "విషింగ్ వెల్" అని పెట్టడం టూరిస్టుల కోసమే అని నా అనుమానం. నిజానికి ఇది కోరికలు తీర్చే బావి కాదు, మొగుడి నోరు మూయించే బావి.

సరే, కథ బాగుంది గానీ, ఇంత చిన్న లోయలోకి రైలు ఎందుకొచ్చింది? మనుషుల కోసం రాలేదండీ. మొదట ఇక్కడ రైలే లేదు, కాలువ ఉండేది. ఆ చుట్టుపక్కల నేలలో ఆమ్లం ఎక్కువ, పంటలు సరిగ్గా పండేవి కాదు. దానికి మందు సున్నం, సముద్రపు ఇసుక. వాటిని లూ రేవు నుంచి పైకి తేవడానికి 1820ల చివర్లో కాలువ తవ్వారు. సుమారు 10 కిలోమీటర్ల కాలువకి 24 లాకులు. మన ధవళేశ్వరం దగ్గర లాకులు చూసినవాళ్లకి తెలుస్తుంది, ఒక్కో లాకులో పడవ ఎక్కడానికి, దిగడానికి ఎంతసేపు పడుతుందో. అలాంటివి 24!

తర్వాత 1830ల చివర్లో దగ్గర్లోని కారడాన్ కొండల్లో రాగి దొరికింది. ఇక చూస్కోండి. పైనుంచి రాగి ఖనిజం, గ్రానైట్ రాయి దిగడం మొదలైంది. లూ రేవులో ఓడలకెక్కించి, ఖనిజాన్ని కరిగించడానికి వేల్స్‌కి పంపేవాళ్లు. కాలువకి ఆ బరువు మొయ్యడం సాధ్యం కాలేదు. అప్పుడు కాలువ కంపెనీ వాళ్లే తెలివైన పని చేశారు. వేరే ఎవరో వచ్చి రైలు వేసి మనల్ని ముంచేలోపు మనమే వేసుకుందాం అని, 1860లో కాలువ పక్కనే పట్టాలు వేసేశారు. ఇవాళ్టికీ రైలు కిటికీలోంచి చూస్తే ఆ పాత కాలువ ఆనవాళ్లు అక్కడక్కడా కనపడతాయి.

మనుషుల్ని ఎక్కించుకోవడం 1879లో మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే గనులు చల్లబడ్డాయి. రాగి ధర పడిపోయింది, కార్న్‌వాల్ గని కార్మికులు పొట్ట చేత పట్టుకుని ప్రపంచమంతా చెదిరిపోయారు. ఆస్ట్రేలియా, అమెరికా, దక్షిణాఫ్రికా... ఇంకోటి చెప్తే ఆశ్చర్యపోతారు. కేజీఎఫ్! సినిమా కాదండీ, అసలు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 1880ల నుంచి ఆ గనుల్ని నడిపించింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లిష్ కంపెనీ. అక్కడ పని చూపించడానికి వచ్చిన అనుభవజ్ఞుల్లో చాలామంది కార్న్‌వాల్ వాళ్లే. వాళ్ల కింద గోతుల్లోకి దిగినవాళ్లలో తమిళులతో పాటు మన చిత్తూరు వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. ఒక పక్క కార్న్‌వాల్‌లో గని మూతపడితే, ఇంకో పక్క కోలార్‌లో గని తెరుచుకుంది. ఇది విడిగా ఒక ఎపిసోడ్ చెయ్యాల్సిన టాపిక్, ఇక్కడ ఆపేస్తా.

గనులు పోయాక లూ రైలుకి మిగిలింది చేపలు, టూరిస్టులు. కానీ ఒక చిక్కు. ఈ లైన్ లోయలో అడుగున ఉంది. లండన్ నుంచి వచ్చే మెయిన్ లైన్ కొండ మీద, పెద్ద వంతెన మీద నుంచి పోతుంది. రెండూ కలవవు! లూ నుంచి వచ్చినవాళ్లు కింద దిగి, సామాన్లు మోసుకుంటూ కొండెక్కి లిస్కర్డ్ స్టేషన్‌కి వెళ్లేవాళ్లు. చివరికి 1901లో రెండిటినీ కలిపారు. ఎలా అంటే, కొండ దిగడానికి ఘాట్ రోడ్డులో మలుపులు తిప్పినట్టు, రైలుని ఒక పెద్ద గుర్రపు నాడా ఆకారంలో తిప్పారు. లిస్కర్డ్‌లో లూ రైలు ప్లాట్‌ఫామ్ మెయిన్ లైన్‌కి అడ్డంగా, విడిగా ఉంటుంది. రైలు ఉత్తరం వైపు బయలుదేరుతుంది. వెళ్లాల్సింది మాత్రం దక్షిణానికి! అలా వంపు తిరుగుతూ, దిగుతూ దిగుతూ, మెయిన్ లైన్ వంతెన కింద నుంచే దూరి, లోయ అడుగుకి చేరి కూంబ్ జంక్షన్ దగ్గర ఆగుతుంది. ఇందాక చెప్పానే, డ్రైవర్ ఆ చివరికి నడుస్తాడని, అది ఇక్కడే. గార్డ్ కిందకి దిగి లివర్ లాగి పట్టాలు మారుస్తాడు. రైలు వెనక్కి తిరిగి లూ వైపు పోతుంది. 2020ల్లో కూడా ఇలాగే! చేత్తో లివర్ లాగి!

కూంబ్ జంక్షన్ హాల్ట్ అనే ప్లాట్‌ఫామ్ ఆ చోటికి కాస్త దూరంలోనే ఉంది, అయినా చాలా రైళ్లు అక్కడిదాకా కూడా వెళ్లవు. ముందే ఆగి వెనక్కి తిరుగుతాయి. అందుకే బ్రిటన్‌లో అతి తక్కువ మంది వాడే స్టేషన్ల జాబితాలో దాని పేరు తరచూ ఉంటుంది. కొన్నేళ్లు మొత్తం సంవత్సరానికి వంద మంది కూడా రాలేదు. ఇలాంటి స్టేషన్లంటే పిచ్చి ఉన్నవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. 2017లో జెఫ్ మార్షల్, విక్కీ పైప్ అనే ఇద్దరు యూట్యూబ్ కోసం బ్రిటన్‌లో ఉన్న మొత్తం 2,563 స్టేషన్లనీ ఒకే వేసవిలో చుట్టేశారు. సిగ్నల్ ఉన్నప్పుడు చూడండి, మంచి సిరీస్.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ లైన్ ఇవాళ ఉండకూడదు. లెక్క ప్రకారం 1966లోనే చచ్చిపోవాలి.

1963 మార్చి 27న బ్రిటన్‌లో ఒక రిపోర్ట్ వచ్చింది. రాసింది డాక్టర్ రిచర్డ్ బీచింగ్. ఆయన రైల్వే మనిషి కాదు, భౌతిక శాస్త్రం చదివి ఐసీఐ అనే పెద్ద కెమికల్ కంపెనీలో డైరెక్టర్‌గా ఉన్నవాడు. రైల్వే బోర్డు ఛైర్మన్‌గా తెచ్చారు. జీతం ఏడాదికి 24,000 పౌండ్లు, అప్పటి ప్రధానమంత్రి జీతం కంటే ఎక్కువ. ఆయన్ని తెచ్చిన రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ ఎవరయ్యా అంటే, రోడ్లు వేసే కాంట్రాక్ట్ కంపెనీని స్థాపించినవాళ్లలో ఒకడు. నేనేమీ అనట్లేదు, మీరే ఆలోచించుకోండి.

రిపోర్ట్ సారాంశం: 2,363 స్టేషన్లు మూసెయ్యాలి, సుమారు 5,000 మైళ్ల లైన్లు తీసెయ్యాలి. అందులో లూ లైన్ ఉంది. సెయింట్ కెయిన్ ఉంది.

బీచింగ్‌ని అక్కడ ఇప్పటికీ తిడతారు. ఆయన మరీ విలన్ అని నేను అనను. రైల్వే నిజంగానే నష్టాల్లో మునిగి ఉంది. లారీలు, కార్లు వచ్చేశాయి. విక్టోరియా కాలంలో పోటీ పడి ఒకే ఊరికి రెండు కంపెనీలు రెండు లైన్లు వేసిన చోట్లు ఉన్నాయి. కొన్ని మూసెయ్యక తప్పదు. కానీ ఆయన కొలిచిన పద్ధతి ఉంది చూశారూ, అది నాకు మింగుడు పడదు.

ఎందుకంటే ప్రయాణికుల్ని లెక్కపెట్టింది 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం. ఒకే ఒక్క వారం! లూ లాంటి సముద్రపు ఊరికి జనం ఎప్పుడొస్తారు? జూలై, ఆగస్టుల్లో. గోదావరి పుష్కరాల ఘాట్‌కి ఎంతమంది వస్తారో మామూలు మంగళవారం వెళ్లి లెక్కపెట్టినట్టు ఉంటుంది ఇది.

రెండోది ఇంకా సూక్ష్మం. స్టేషన్ ఆదాయం అంటే ఆ స్టేషన్ కౌంటర్లో అమ్మిన టికెట్లు. లండన్‌లో ఉండే కుటుంబం లూకి సెలవులకి వస్తే టికెట్ ఎక్కడ కొంటుంది? లండన్‌లో, రానూపోనూ కలిపి. ఆ డబ్బంతా లండన్ ఖాతాలో పడుతుంది. లూ ఖాతాలో సున్నా. కాగితం మీద చూస్తే లూ దండగ. లూ లైన్ తీసేస్తే మాత్రం ఆ లండన్ టికెట్ కూడా పోతుంది. ఎందుకంటే కారున్నవాడు లిస్కర్డ్ దాకా కారులో వచ్చి రైలెక్కడు కదా, ఇంటి దగ్గర్నుంచే కారులో పోతాడు. బ్రాంచ్ లైన్లు మూసినచోటల్లా దాదాపు ఇదే జరిగింది. కొమ్మలు నరికితే కాండం బలపడుతుందనుకున్నారు. ఆదా అవుతుందన్న డబ్బు అనుకున్నంత ఆదా కాలేదు. బదులుగా వేస్తామన్న బస్సులు కూడా చాలాచోట్ల కొన్నేళ్లకే ఆగిపోయాయి.

లూ లైన్‌కి కూడా మూసివేత తేదీ పెట్టేశారు, 1966 శరదృతువు. ఈలోపు ప్రభుత్వం మారింది, లేబర్ పార్టీ వచ్చింది. వాళ్లు కూడా మూయడం ఆపలేదు సుమా, వాళ్ల హయాంలోనూ వందల స్టేషన్లు పోయాయి. 1965 డిసెంబర్‌లో బార్బరా కాసిల్ రవాణా మంత్రి అయ్యింది. ఆవిడకి డ్రైవింగ్ రాదు! రవాణా మంత్రికి లైసెన్స్ లేదని పేపర్లన్నీ వెక్కిరించాయి. 1966 సెప్టెంబర్‌లో, ఇంకో రెండు వారాల్లో ఆఖరి రైలు అనగా, ఆవిడ లూ లైన్ మూయడానికి వీల్లేదని చెప్పేసింది. అదే కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ లైన్ కూడా అలాగే బతికింది.

కారణం సెంటిమెంట్ కాదు, రోడ్డు. కార్న్‌వాల్ పల్లె రోడ్లు ఎలా ఉంటాయంటే, రెండు పక్కలా మనిషెత్తు గట్లు, వాటి మీద పొదలు, మధ్యలో ఒక కారు పట్టేంత సందు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు రివర్స్ చేసుకుంటూ పోవాలి. వేసవి జనాన్నంతా ఆ రోడ్ల మీదకి తోస్తే ఏమవుతుంది? రోడ్లు వెడల్పు చెయ్యాలంటే రైలు మీద ఆదా చేసిన దానికంటే ఎన్నో రెట్లు ఖర్చు, అయినా సరిపోదు. రైల్వే ఖాతా ఒక్కటే చూస్తే నష్టం. రైలు, రోడ్డు, ఊరు మూడూ కలిపి చూస్తే మూయడమే నష్టం. అప్పటిదాకా ఎవరూ మూడు ఖాతాలనీ ఒకే బల్ల మీద పెట్టలేదు, అంతే. ఆ తర్వాత 1968లో ఆవిడ కాలంలోనే ఒక చట్టం వచ్చింది. లాభం రాకపోయినా జనానికి అవసరమైన లైన్లకి ప్రభుత్వం నేరుగా డబ్బివ్వొచ్చని అందులో రాశారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ లైన్‌కి అదృష్టం రెండుసార్లు తగిలింది. 1930ల్లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే, ఈ మెలికల లైన్ ఎందుకులే అని, మెయిన్ లైన్ నుంచి లూకి తిన్నగా కొత్త లైన్ వెయ్యడం మొదలుపెట్టింది. పని మొదలైంది కూడా. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, పని ఆగిపోయింది, మళ్లీ మొదలవ్వలేదు. అది పూర్తయి ఉంటే సెయింట్ కెయిన్‌కి రైలు అప్పుడే పోయేది.

ఇప్పుడు పరిస్థితి? ఏటా లూ స్టేషన్‌లో ఎక్కి దిగేవాళ్లు లక్షకి అటూ ఇటూ. ఒకటి లేదా రెండు పెట్టెల డీజిల్ రైలు, రోజంతా అదే అటూ ఇటూ తిరుగుతుంది. 1991 నుంచి డెవాన్ అండ్ కార్న్‌వాల్ రైల్ పార్ట్‌నర్‌షిప్ అని ఒక సంస్థ ప్లిమత్ యూనివర్సిటీ కేంద్రంగా ఇలాంటి లైన్లకి ప్రచారం చేస్తోంది. ఊళ్లో వాళ్లే వాలంటీర్లుగా స్టేషన్‌లో పూలమొక్కలు పెంచుతారు. లాభం మాత్రం ఇప్పటికీ రాదు. సబ్సిడీ మీదే నడుస్తోంది. "నలుగురు ఎక్కే స్టేషన్‌కి మా పన్ను డబ్బు ఎందుకు?" అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. అది తప్పు ప్రశ్న అని నేను అనను. కానీ ఆ నలుగురిలో కారు నడపలేని ముసలావిడ ఉంటుంది, లిస్కర్డ్‌లో కాలేజీకి పోయే పదహారేళ్ల కుర్రాడు ఉంటాడు. వాళ్లకి ఇంకో దారేంటో కూడా ఆ ప్రశ్న అడిగినవాళ్లే చెప్పాలి.

పైగా మూసినదాన్ని మళ్లీ తెరవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. పక్క జిల్లా డెవాన్‌లో ఓక్‌హాంప్టన్ ఊరికి 1972లో రోజువారీ రైలు ఆపేశారు. 2021 నవంబర్‌లో మళ్లీ మొదలుపెడితే జనం అనుకున్నదానికంటే ఎక్కువ ఎక్కారు. అక్కడ పట్టాలు మిగిలి ఉన్నాయి కాబట్టి పని సులువైంది. ఉత్తరాన న్యూకాసిల్ నుంచి ఆషింగ్టన్‌కి 1964లో ఆగిన ప్యాసింజర్ రైలు 2024 డిసెంబర్‌లో తిరిగొచ్చింది, అంటే 60 ఏళ్లకి. అక్కడా గూడ్స్ కోసం పట్టాలు ఉన్నాయి, అయినా ఖర్చు దాదాపు 30 కోట్ల పౌండ్లు. ఇక పట్టాలు పీకేసి, ఆ స్థలంలో ఇళ్లు కట్టేసిన చోట్ల అయితే ఆశ కూడా లేదు.

మన పిల్లలు యూకేలో చాలామంది చదువుకుంటున్నారు కదా, వాళ్ల కోసం రూట్ చెప్పేస్తా. ప్లిమత్‌లో రైలెక్కితే, 1859లో బ్రునెల్ కట్టిన రాయల్ ఆల్బర్ట్ బ్రిడ్జి దాటి అరగంటలో లిస్కర్డ్. కుడి ఎడమలు చూసుకుని లూ ప్లాట్‌ఫామ్ వెతుక్కోండి, అది మెయిన్ ప్లాట్‌ఫామ్‌ల పక్కన ఉండదు, విడిగా ఉంటుంది. 16–25 రైల్‌కార్డ్ ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. శాండ్‌ప్లేస్ దాటాక నది వెడల్పవుతుంది, నీటి అంచునే రైలు పోతుంది. కొంగలు కనిపిస్తాయి, ఫోన్ రెడీగా పెట్టుకోండి. సముద్రం ఆటుపోట్ల టైమ్ చూసుకుని వెళ్లండి. నీళ్లు వెనక్కి పోయినప్పుడు వెళ్తే నది బదులు బురద కనిపిస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు సెయింట్ కెయిన్‌లో దిగాలనుకుంటే లూలో ఎక్కగానే గార్డ్‌కి చెప్పండి. కొత్తగా పెళ్లయినవాళ్లయితే జంటలో ఒక్కరికే ఈ వీడియో లింక్ పంపండి. ఎవరికి పంపాలో నేను చెప్పను. బావి చూసి మళ్లీ స్టేషన్‌కి వచ్చాక ప్లాట్‌ఫామ్ మీద కనపడేలా నిలబడి, రైలు రాగానే చెయ్యి బాగా చాపండి. తర్వాతి రైలు ఎప్పుడో ముందే చూసి ఉంచుకోండి, అక్కడ చాయ్ కొట్టు లేదు.

సరే మరి, కేజీఎఫ్‌లో కార్న్‌వాల్ వాళ్ల కథ కావాలంటే కామెంట్‌లో చెప్పండి, వచ్చే ఎపిసోడ్ అదే చేద్దాం. ఉంటానండీ.